దుర్రానీ: అఫిడవిట్‌కు పడని శిక్ష పుస్తకానికి పడింది

1994 జులైలో జర్మనీలోని పాకిస్థాన్ రాయబారి ఒక అఫిడవిట్ మీద సంతకం చేశారు. నాలుగేళ్ల కిందట సార్వత్రిక ఎన్నికల్లో ఐఎస్ఐ రాజకీయ నాయకులకు డబ్బు పంచిందని, ఆ పంపిణీ తన చేతుల మీదుగానే జరిగిందని అందులో రాశారు. ఆయన లెఫ్టినెంట్ జనరల్ అసద్ దుర్రానీ. పదవిలో ఉన్న రాయబారి సొంత సైన్యం గురించి ఇంత పెద్ద సంగతి ఒప్పుకోవడం చాలా అరుదు.

ఈ కథకు మూలం 1988లో ఉంది. సైనిక పాలకుడు జనరల్ జియా మరణించాక జరిగిన ఎన్నికల్లో బేనజీర్ భుట్టోను నిలువరించడానికి ఐఎస్ఐ ప్రోద్బలంతో ఇస్లామీ జమ్హూరీ ఇత్తెహాద్ (ఐజేఐ) అనే కూటమి పుట్టింది. అప్పటి ఐఎస్ఐ అధిపతి హమీద్ గుల్ తర్వాతి కాలంలో ఆ సంగతి బాహాటంగానే చెప్పుకున్నారు. అయినా బేనజీర్ ప్రధాని అయ్యారు. 1990 ఆగస్టు 6న అధ్యక్షుడు గులాం ఇషాక్ ఖాన్ ఆమెను బర్తరఫ్ చేశారు. సైనిక గూఢచార విభాగం (ఎంఐ) అధిపతిగా ఉన్న దుర్రానీ ఐఎస్ఐ పగ్గాలు అందుకున్నది ఆ రోజుల్లోనే.

అఫిడవిట్ ప్రకారం, ఐజేఐ ప్రచారానికి కరాచీ వ్యాపారులు ఇచ్చే విరాళాలను పంచిపెట్టడంలో సాయపడమని సైన్యాధిపతి మీర్జా అస్లం బేగ్ ఆదేశించారు. బ్యాంకర్ యూనిస్ హబీబ్ సమకూర్చిన 14 కోట్ల రూపాయల్లో సుమారు 6 కోట్లు నాయకులకు చేరాయి, మిగిలింది ఐఎస్ఐ ప్రత్యేక నిధికి వెళ్లింది. నవాజ్ షరీఫ్ పేరు ఎదుట 35 లక్షలు, ఆపద్ధర్మ ప్రధాని గులాం ముస్తఫా జతోయీ పేరు ఎదుట 50 లక్షలు ఉన్నాయి. తాను తీసుకోలేదని నవాజ్ ఖండించారు. అక్టోబరు 24న ఐజేఐ గెలిచింది, ప్రధాని అయింది ఆయనే.

దుర్రానీ 1992లో ఐఎస్ఐని వీడి, 1993లో సైన్యం నుంచి రిటైరయ్యారు. మళ్లీ అధికారంలోకి వచ్చిన బేనజీర్ ప్రభుత్వమే ఆయనను జర్మనీకి రాయబారిగా పంపింది. గతంలో అక్కడ సైనిక అటాషేగా పనిచేసిన ఆయనకు ఆ దేశం కొత్త కాదు. అయినా తనను ఓడించే పనిలో భాగమైన మనిషికి ఆమె రాయబారి పదవి ఇచ్చారంటే, ఆయన నోటి నుంచి రావాల్సిన మాట ఆమెకు అవసరమైందనే నా అభిప్రాయం. హోంమంత్రి నసీరుల్లా బాబర్ 1994లోనే ఈ డబ్బు వ్యవహారాన్ని జాతీయ అసెంబ్లీలో బయటపెట్టారు.

ముషారఫ్ హయాంలో దుర్రానీ 2000 నుంచి 2002 వరకు సౌదీ అరేబియాలో రాయబారి. 2000 డిసెంబరులో నవాజ్ ప్రవాసానికి వెళ్లింది కూడా సౌదీకే. డబ్బు పంచానన్న వ్యక్తి ప్రభుత్వ ప్రతినిధిగా, అది అందుకున్నారన్న ఆరోపణ మోసిన వ్యక్తి పదవి పోయిన ప్రవాసిగా ఒకే దేశంలో ఉన్నారు.

రిటైర్డ్ ఎయిర్ మార్షల్ అస్గర్ ఖాన్ 1996లో ఈ వ్యవహారంపై సుప్రీంకోర్టును ఆశ్రయించారు. తీర్పుకు పదహారేళ్లు పట్టింది. 1990 ఎన్నికలు అక్రమాలతో కలుషితమయ్యాయని, బేగ్, దుర్రానీలపై చట్టపరమైన చర్యలు తీసుకోవాలని 2012 అక్టోబరు 19న ధర్మాసనం తేల్చింది. అధ్యక్ష భవనంలో, ఐఎస్ఐలో, ఎంఐలో రాజకీయ విభాగాలేవైనా ఉంటే ఎత్తేయమంది. ఇద్దరి రివ్యూ పిటిషన్లనూ 2018 మేలో కొట్టేసింది. కానీ దర్యాప్తు సంస్థ ఎఫ్‌ఐఏ ఆ ఏడాది చివర్లో తగిన ఆధారాలు లేవని, కేసు మూసేయాలని కోరింది. ప్రధాన పాత్రధారే లిఖితపూర్వకంగా ఒప్పుకున్న కేసులో ఇంకే ఆధారం కావాలో నాకు అర్థం కాదు.

రివ్యూ పిటిషన్లు వీగిపోయిన ఆ మే నెలలోనే, భారత 'రా' మాజీ అధిపతి ఎ.ఎస్. దులత్‌తో దుర్రానీ సాగించిన సంభాషణలు పుస్తకంగా వచ్చాయి. ఈసారి పదహారేళ్లు పట్టలేదు. కొద్ది రోజుల్లోనే సైనిక ప్రధాన కార్యాలయం ఆయనను పిలిపించి, విచారణ మొదలుపెట్టింది. దేశం విడిచి వెళ్లకుండా నిషేధం పడింది. 2019 ఫిబ్రవరిలో సైనిక ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించారని తేల్చి పింఛను, ఇతర సౌకర్యాలు ఆపేశారు. 2021లో రక్షణ శాఖ మరో అడుగు ముందుకేసి, ఆయనకు 2008 నుంచీ 'రా'తో సంబంధాలున్నాయని ఇస్లామాబాద్ హైకోర్టుకు తెలిపింది.