పట్నంలో పెరిగిన మెదడు

జర్మనీలోని మాన్‌హైమ్‌లో 32 మంది విద్యార్థులను ఒక్కొక్కరినే స్కానర్‌లో పడుకోబెట్టి లెక్కలు చేయమన్నారు. సగం కూడా సరిగ్గా చేయలేనంత తక్కువ టైమిచ్చారు. పైగా మధ్యమధ్యలో హెడ్‌ఫోన్‌లో, మీరు వెనకబడిపోతున్నారని హెచ్చరికలు. ఆ ఒత్తిడికి, పెద్ద నగరాల్లో ఉంటున్నవారి మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా పల్లెవాసుల కన్నా ఎక్కువగా స్పందించింది. చిన్నప్పుడు ఎక్కడ పెరిగారని చూస్తే మాత్రం తేడా మరోచోట బయటపడింది: అమిగ్డలాను అదుపు చేసే సింగ్యులేట్ కార్టెక్స్ ముందు భాగంలో. 2011లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ పరిశోధనలో ఆలోచింపజేసేది ఈ రెండో సంగతే.

నగరానికీ మతిభ్రమకూ లంకె ఉందన్న అనుమానం పాతదే. లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం లాంటివి ఉండే స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఆస్పత్రిలో చేరినవారిలో షికాగో నడిబొడ్డు పేటలవాళ్లే ఎక్కువని ఫారిస్, డన్‌హామ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1939లోనే చూపించారు. అయితే చెడి పట్నం చేరమన్నారు కదా. జబ్బుపడి, పని పోయి, చవక అద్దెల కోసం అక్కడికి చేరినవారే కావచ్చు గదా అన్నది ఎదురు ప్రశ్న.

దానికి జవాబు డెన్మార్క్ రికార్డుల్లో దొరికింది. అక్కడ 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది, ఇల్లు మారినప్పుడల్లా నమోదవుతుంది. దాదాపు 19 లక్షల మంది వివరాలు తిరగేసి 2001లో తేల్చిందేమిటంటే, మొదటి 15 ఏళ్లూ రాజధానిలాంటి చోట పెరిగినవారికి ఈ జబ్బు ముప్పు, పల్లెల్లో పెరిగినవారికన్నా 2.75 రెట్లు. నగరంలో గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది. జబ్బు రాకముందటి ఏళ్లివి కాబట్టి వలస వాదన ఒక్కటే సరిపోదు. అయినా నూటికి ఒకరికి అటూఇటూగా వచ్చే జబ్బు ఇది. నగరంలో పెరిగిన పిల్లల్లో అత్యధికులకు ఏమీ కాదు. తల్లిదండ్రులు హడలిపోనక్కర్లేదు. అదే దేశంలో 2019లో ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే, ఇంటి చుట్టూ పచ్చదనం తక్కువున్న పిల్లల్లో పెద్దయ్యాక రకరకాల మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించాయి.

దీన్ని మనకు అంటగట్టడం తొందరపాటే. 42 పేద, మధ్యాదాయ దేశాల సమాచారాన్ని 2018లో పరిశీలిస్తే నగరవాసానికీ సైకోసిస్‌కూ (వాస్తవమేదో భ్రమేదో తెలియని స్థితి, స్కిజోఫ్రేనియా అందులో ఒక రకం) సంబంధమే కనిపించలేదు. మన పల్లెల్లో అప్పులూ కరువూ ఉన్నాయి, పట్నంలో మన జిల్లావాళ్ల పక్కనే గది వెతుక్కుంటాం. కారణం అక్కడేదో ఉండొచ్చని నా ఊహ. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో మాత్రం మహానగరాల్లోనే మానసిక సమస్యలు ఎక్కువ. కానీ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పెరిగే పిల్లల సంగతి తెలియాలంటే, వాళ్లు ఏ వయసులో ఎక్కడున్నారో ఏళ్ల తరబడి నమోదు చేసే పని ఇక్కడే మొదలవ్వాలి.