ఎరుపొస్తే పాసు, నీలమొస్తే ఫెయిలా? ప్లాన్ అనాలిసిస్‌పై అపోహలు - వాస్తవాలు

ఈమధ్య మా ఆఫీసుకు ప్లాన్ కంటే ముందు రంగుల ప్రింటు వస్తోంది. ఆర్కిటెక్చర్ చదివే మేనల్లుడో, బెంగళూరులో ఉద్యోగం చేసే బంధువో ఇంటి ప్లాన్‌ను గ్రాస్‌హాపర్, డెప్త్‌మ్యాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఎరుపు నుంచి నీలం దాకా రంగులు నింపి వాట్సాప్‌లో పంపిస్తాడు. దాన్ని పట్టుకుని ఇంటాయన కడపలో మా మెట్లెక్కి వస్తాడు. అడిగేది ఒకటే: "సార్, మా వెనక రూము నీలం వచ్చింది. దోషమా?"

జనానికి ఎక్కువ డబ్బు వదిలిస్తున్నది ఈ ఒక్క అపోహే. అందుకే దీనికే ఎక్కువ చోటిస్తున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఎరుపు మంచి గది, నీలం చెడ్డ గది

ఇంటిగ్రేషన్ మ్యాప్ అనే రంగుల బొమ్మలో ఎరుపు అంటే, ఇంట్లో మిగతా అన్ని చోట్ల నుంచి తక్కువ గుమ్మాలు, తక్కువ మలుపులు దాటి అక్కడికి చేరుకోవచ్చని. నీలం అంటే ఎక్కువ దాటాలని. అంతే, ఆ రంగులో ఇంకేమీ లేదు. ఈ లెక్కలు లండన్ యూనివర్సిటీ కాలేజీలో బిల్ హిలియర్, జులియన్ హాన్సన్ మొదలుపెట్టిన స్పేస్ సింటాక్స్ నుంచి వచ్చాయి. వాళ్లు వెతికింది ఏ ఇల్లు మంచిది అని కాదు. ఇంటి అమరికకూ ఆ ఇంట్లో మనుషులు మసలే తీరుకూ సంబంధమేమిటి అని.

మన పాత మిద్దె ఇళ్లే చూడండి. వీధి గడప దాటితే వసారా, తర్వాత పడసాల, దాని లోపల వంటిల్లు, ఇంకా లోపల ధాన్యం పోసుకునే కొట్టిడి. డబ్బూ బంగారమూ ఉండేది అక్కడే. ఈ ప్లాన్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పడసాల ఎర్రగా మండిపోతుంది, కొట్టిడి ముదురు నీలంలో ఉంటుంది. ఉండాలి కూడా. ఆ కొట్టిడి ఎరుపు వస్తేనే కంగారు పడాలి.

ప్రొద్దుటూరు వైపు ఒక రిటైర్డ్ టీచరు ఇల్లు కట్టుకుంటున్నారు. పని లింటెల్ లెవెల్ దాకా వచ్చాక ఇలాంటి ప్రింటే ఆయన చేతికి అందింది. వెనక బెడ్‌రూము నీలం. గోడ పగలగొట్టి హాల్లోకి ఇంకో గుమ్మం పెట్టడానికి మేస్త్రీతో రేటు కూడా మాట్లాడేశారు. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆమెకు నాలుగు రోజులుగా నిద్ర లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, ఆ గది ఎవరికోసం?" అన్నాను.

"మా అత్తగారికి. వచ్చేపోయేవాళ్ల అలికిడి లేకుండా ఉండాలని నేనే వెనక్కి పెట్టించాను."

"ఆ అలికిడి లేకపోవడాన్నే వీళ్లు నీలం రంగు వేసి చూపించారు."

ఆయన ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆమె మాత్రం ఇంకో రెండుసార్లు అడిగింది, "దోషం లేదు కదా సార్?" అని. ఆమెను తప్పు పట్టను. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఆ గోడల్లో ఉంది. అర్థం చెప్పకుండా బొమ్మ పంపిన పిల్లాడి మీదే నాకు కోపం.

ఇంకో సంగతి ఉంది, చాలామంది స్టూడెంట్లకు కూడా పట్టదు. గ్రాస్‌హాపర్‌లో రంగులు వేసే గ్రేడియంట్ కాంపొనెంట్‌కు ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఇవ్వాలి. సాధారణంగా ఆ ప్లాన్‌లోనే వచ్చిన అతి తక్కువ అంకెనూ అతి ఎక్కువ అంకెనూ తెచ్చి తగిలించేస్తారు. అప్పుడేమవుతుంది? ఎంత గొప్ప ప్లాన్ అయినా దాంట్లో ఏదో ఒక గది నీలం అయి తీరాలి. ఎంత పనికిమాలిన ప్లాన్ అయినా ఏదో ఒక మూల ఎరుపు కనబడి తీరాలి. అందరూ టాపర్లే ఉన్న సెక్షన్‌లో కూడా చివరి ర్యాంకు ఒకడికి వస్తుంది కదా, అలాగన్నమాట.

కర్నూలులో ఒక డాక్టరుగారు రెండు ప్రింట్లు తెచ్చి నా టేబుల్ మీద పరిచారు. ఒకటి ఆయన నర్సింగ్ హోమ్ ఇప్పుడున్న తీరు, రెండోది పార్టిషన్లు తీసేసి ఓపీ కౌంటర్ జరిపితే ఎలా ఉంటుందో. రెండో దాంట్లో ఎరుపు బాగా ఎక్కువ. పార్టిషన్ పనికి అడ్వాన్స్ ఇవ్వబోతున్నారు. స్క్రిప్ట్ ఫైల్ తెప్పించి తెరిచి చూస్తే, రెండు బొమ్మలకూ హద్దులు వేర్వేరు. రెంటికీ ఒకే హద్దులు పెట్టి మళ్లీ రంగులు వేశాం. రెండు ప్లాన్లకూ పెద్ద తేడా లేదు, పక్కపక్కన పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

అసలు ఆయనకు కావలసిన లెక్కే వేరు. గద్వాల నుంచో రాయచూరు వైపు నుంచో బస్సు దిగి, మొదటిసారి ఆ గేటులోకి అడుగు పెట్టిన మనిషికి ఓపీ కౌంటర్ కనబడుతోందా? ఒక చోట నిలబడితే కంటికి ఆనే ప్రదేశం మొత్తాన్ని ఐసోవిస్ట్ అంటారు. 1979లో మైకేల్ బెనెడిక్ట్ దీన్ని లెక్కగా మార్చాడు. గుమ్మంలో నిలబడి ఐసోవిస్ట్ గీస్తే, మందుల షాపు కోసం ముందుకు జరిపిన గాజు అల్మారా కౌంటర్‌ను సగానికి పైగా కప్పేస్తోంది. అల్మారా జరిపారు. పార్టిషన్ జోలికి పోలేదు.

రంగు కూడా ఒక్కోసారి తిరగబడుతుంది. ఇంటిగ్రేషన్‌లో ఎరుపంటే దగ్గర. ఒక చోటు నుంచి ఎన్ని మలుపులు దాటాలో చూపే స్టెప్ డెప్త్ మ్యాప్‌లో ఎక్కువ అంకె అంటే ఎక్కువ దూరం, కాబట్టి మామూలు సెట్టింగుల్లో దూరం గదే ఎరుపు. ఒకే గది ఒక బొమ్మలో నీలం, ఇంకో బొమ్మలో ఎరుపు. కింద ఏ కొలతో రాయని ప్రింటును నేనసలు చూడను.

అపోహ: సాఫ్ట్‌వేర్ లెక్క తప్పదు

లెక్క తప్పదు. మనం ఇచ్చిన ప్లాన్ తప్పుతుంది. కాగితం, పెన్ను తీసుకోండి, ఇక్కడే చూద్దాం.

వరండా, హాలు, వంటిల్లు, రెండు బెడ్‌రూములు, వంటింటి వెనక వాష్ ఏరియా. మొత్తం ఆరు చోట్లు. వరండా నుంచి హాల్లోకి గుమ్మం. హాలు నుంచి వంటింటికీ రెండు బెడ్‌రూములకూ గుమ్మాలు. వంటింటి నుంచి వాష్ ఏరియాకు ఒకటి. హాల్లో నిలబడి మిగతా అయిదు చోట్లకు దాటాల్సిన గుమ్మాలు కూడండి: 1+1+1+1+2, మొత్తం 6. అయిదుతో భాగిస్తే 1.2. ఇదే మీన్ డెప్త్, అంటే సగటు లోతు. ఇది తక్కువైతే గది ఎరుపు వైపు, ఎక్కువైతే నీలం వైపు. వాష్ ఏరియా నుంచి కూడితే 12, అంటే 2.4. ఇక బెడ్‌రూము నుంచి 10, అంటే 2.0. వరండా నుంచి కూడా 10, అంటే 2.0!

వచ్చేపోయేవాళ్లంతా కూర్చునే వరండా, తలుపేసుకుని పడుకునే బెడ్‌రూము ఒకటేనా? సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఒకటే, ఎందుకంటే వీధి ఉందని దానికి మనం చెప్పలేదు. వీధిని ఏడో చోటుగా కలపండి. వరండా 11/6, అంటే 1.83. బెడ్‌రూము 13/6, అంటే 2.17. ఇప్పుడు తేడా కనబడింది. వాష్ ఏరియా నుంచి పక్క సందులోకి ఒక తలుపు పెట్టి, సందునూ వీధినీ ఒకటిగా లెక్కేయండి. వాష్ ఏరియా 2.67 నుంచి 2.0కు పడిపోతుంది. పనమ్మాయి ఎటు నుంచి వస్తుంది, గ్యాస్ సిలిండర్ ఎటు నుంచి లోపలికి వెళ్తుంది అనేవన్నీ ఆ ఒక్క తలుపుతో మారిపోతాయి. ఇంటి బొమ్మ మాత్రం గీసి వీధిని వదిలేసిన మ్యాప్‌లే నాకు ఎక్కువగా వస్తుంటాయి.

ఇంకా చిన్న చిన్న తలనొప్పులున్నాయి. ఆటోక్యాడ్ నుంచి తెచ్చిన ప్లాన్‌లో తలుపు రెక్క గీత అలాగే ఉండిపోతే, సాఫ్ట్‌వేర్ దాన్ని గోడ అనుకుంటుంది. గది మూసుకుపోతుంది. లెక్క కోసం ప్లాన్ మీద పరిచే చుక్కల గ్రిడ్ మూడడుగుల దూరంలో పెట్టి బాత్రూము తలుపు రెండున్నర అడుగులైతే, ఆ గుమ్మంలో ఒక్క చుక్క కూడా పడకపోవచ్చు. అప్పుడు బాత్రూముకు దారే లేనట్టు చూపిస్తుంది. గాజు పార్టిషన్ కంటికి అడ్డం కాదు, కాలికి అడ్డం. రెంటికీ వేర్వేరు డ్రాయింగ్ కావాలి. అన్నిటికంటే ముఖ్యం మన ఎండ. అనంతపురంలో ఒక కాలేజీ ప్లాన్ చూశాను. అన్ని బ్లాకులకూ దగ్గర దారి నడిమి గ్రౌండే అని మ్యాప్ చెప్పింది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి ఆ గ్రౌండ్‌కు అడ్డంపడి నడిచేవాడెవడు? పిల్లలంతా వసారా నీడ పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్తారు. నీడ కావాలంటే గ్రాస్‌హాపర్‌కు తగిలించుకునే లేడీబగ్‌లో ఆ ఊరి ఎండ లెక్క విడిగా వేసి, దీనితో కలిపి చూసుకోవాలి. గోడలు మాత్రమే గీసిన ప్లాన్‌కు సూర్యుడి సంగతి తెలియదు.

అపోహ: పారామెట్రిక్ అంటే వంకర టింకర బిల్డింగులు

వంపుల బిల్డింగులకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ జహా హదీద్ కట్టడాల ఫొటోలు చూసి వచ్చిన అనుమానం ఇది. పారామెట్రిక్ అంటే కొలతల మధ్య సంబంధం రాసిపెట్టుకోవడం, గ్రాస్‌హాపర్ చేసే పని అదే. హాలు వెడల్పు మారిస్తే గుమ్మాలూ లెక్కలూ రంగులూ వాటంతటవే మారతాయి. 1960లో మిలాన్ ట్రియెన్నాలే ప్రదర్శనలో ఇటలీ ఆర్కిటెక్ట్ లూయిజీ మోరెట్టి పెట్టిన స్టేడియం నమూనాల్లో ముఖ్యమైన లెక్క, కూర్చున్నవాడికి ఆట ఎంత బాగా కనబడుతుందన్నదే. మూడు సెంట్ల స్థలంలో చదరంగా కట్టే ఇంటికి కూడా ఇది నిక్షేపంగా పనికొస్తుంది.

అపోహ: లక్షలు పోసి కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ కొనాలి

ఇక్కడి ఆర్కిటెక్చర్ స్టూడెంట్ల తల్లిదండ్రులు దీనిమీద బాగా టెన్షన్ పడుతున్నారు. డెప్త్‌మ్యాప్ కొత్త రూపం డెప్త్‌మ్యాప్‌ఎక్స్ ఉచితం. గ్రాస్‌హాపర్ 2018లో వచ్చిన రైనో 6 అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి రైనోతో పాటే వస్తోంది, రైనోను 90 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. ఇంటి ప్లాన్‌కు ఉన్న ల్యాప్‌టాప్ చాలు. అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డు కొనకండి. పైన వేసిన లెక్కకు కరెంటు కూడా అక్కర్లేదు.

అపోహ: బటన్ నొక్కితే బెస్ట్ ప్లాన్ అదే ఇస్తుంది

గ్రాస్‌హాపర్‌లో మంచి జవాబు వెతికిపెట్టే గాలపగోస్‌కు మీన్ డెప్త్ తగ్గించమని మాత్రమే చెప్పి వదిలేయండి. అన్ని గదులనూ హాల్లోకి తెరుస్తుంది, బాత్రూముతో సహా, డైనింగ్ టేబుల్‌కు ఎదురుగా. దానికి సిగ్గూ లేదు, చుట్టాలూ లేరు.

అపోహ: ఇది కంప్యూటర్ వాస్తు

కాదు. వాస్తును సమర్థించదు, ఖండించదు. ఈశాన్యంలో పూజ గది ఉండాల్సిందే అంటే ఆ గదిని అక్కడే బిగించేసి మిగతావి కదుపుతాం. ఇంటివాళ్ల నమ్మకంతో పేచీ పెట్టుకోవడం నా పని కాదు. కానీ నీలం గదికి నిమ్మకాయ కట్టమంటే మాత్రం నా దగ్గరికి రాకండి.

ఇప్పటికే గోడలు లేచిపోయి, చేతిలో రంగుల ప్రింటు ఉన్నవాళ్లు ముందు ఆ ప్రింటు పంపినవాడికి ఫోన్ చేయండి. ఇది ఏ కొలత? హద్దులు ఎంత పెట్టావు? వీధిని కలిపావా? తలుపులు తెరిచి లెక్కేశావా, మూసి లెక్కేశావా? జవాబులతో పాటు అంకెలున్న అసలు ఫైల్ పంపమనండి. ఫైల్ లేదు, బొమ్మే ఉంది అంటే, గునపం పట్టుకున్న మేస్త్రీని ఆ గోడ వదిలేసి ప్లాస్టరింగ్ పని చూసుకోమనండి.