ప్రాణహిత నీళ్లకు పైన ఏం జరిగింది?

నీళ్ల రంగు మారినా, చేపలు తేలినా సిరొంచ వైపు ముందు వినిపించే మాట ఒకటే: పైన ఫ్యాక్టరీ వాళ్లు వదిలారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అది సగం నిజమే. మిగతా సగం తెలియాలంటే నూటయాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత ఒడ్డున ఉంది సిరొంచ. నది దాటితే తెలంగాణ. ఇళ్లల్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు ఇచ్చాక కొన్నాళ్లు ఇది అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రం. అప్పటి దొరల కళ్లకు నది అంటే రోడ్డే. విదర్భ పత్తిని పడవల మీద కోస్తాకు దించాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. బండలు అడ్డొచ్చిన చోట్ల ఆనకట్టలు, కాలువలు మొదలుపెట్టి, ఖర్చు తడిసి మోపెడయ్యాక 1871లో వదిలేశారు. అప్పటికే రైలు వచ్చేసింది. రైలుకు బొగ్గు కావాలి. చంద్రపూర్ జిల్లా వరోరాలో గని ఆ రోజుల్లోనే మొదలైంది, తర్వాత బల్లార్‌పూర్‌లో. నదికి రోడ్డు పని తప్పి, మోరీ పని పడింది.

ప్రాణహిత అంటే వార్ధా, వైన్‌గంగ కలిసిన నది. వార్ధాలో అంతకుముందే పెన్‌గంగ కలుస్తుంది. అంటే యవత్మాల్ పత్తి చేలు, చంద్రపూర్ గనులు, నాగపూర్ మురుగు, అన్నిటి లెక్కా సిరొంచ దగ్గర తేలుతుంది. నాగపూర్ మురుగు నాగ్ నది పట్టుకుని, కన్హాన్ మీదుగా వైన్‌గంగలోకి చేరి, గోసీఖుర్ద్ జలాశయంలో కొంత నిలిచి కిందికొస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లకే బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు నడిచింది. ముడిసరుకు మన అడవి వెదురే. వెదురును రసాయనాల్లో ఉడికిస్తే నల్లటి ద్రవం మిగులుతుంది. దాన్ని కాల్చి రసాయనాలు తిరిగి రాబట్టుకుంటే మిల్లుకూ లాభమే. అలా చేయకుండా వదిలితే ఆ నలుపు తొందరగా కుళ్లదు, మైళ్ల దూరం పారుతుంది. నది అవతల కాగజ్‌నగర్ మిల్లు ఇంకా పాతది. అక్కడి పెద్దవాగూ చివరికి ప్రాణహితలోకే వస్తుంది.

1973లో బొగ్గు జాతీయమయ్యాక పని పెరిగింది, ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచే తవ్వే గనులు, పెరిగాయి. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి బొగ్గుబాయి పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు బల్లార్‌పూర్, రాజురాల్లో ఎన్నో. (రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే.) గనిలో ఊరిన నీటిని తోడి బయట పోయాలి, ఆ నీళ్లలో బొగ్గు నుసి, లవణాలు ఉంటాయి. 1980ల్లో చంద్రపూర్ థర్మల్ స్టేషన్ వచ్చింది, ఇప్పుడు 2,920 మెగావాట్లు. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యాన్ని బట్టి మార్కులు వేస్తే చంద్రపూర్‌కు 83.88 వచ్చి దేశంలో నాలుగో స్థానం దక్కింది. 70 దాటితేనే తీవ్రం. 2010లో కొత్త అనుమతులు కొంతకాలం ఆపారు.

చట్టం లేక కాదు. నీటి కాలుష్యం మీద మహారాష్ట్ర 1969లోనే చట్టం చేసింది, కేంద్రం 1974లో చేసింది. నాకు లోపం కనిపించేది లెక్కలోనే. శుద్ధి చేసిన వ్యర్థజలంలో బీవోడీ, అంటే కుళ్లు తినే ఆక్సిజన్ లెక్క, లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. స్నానానికి పనికొచ్చే నదిలో 3 దాటకూడదు. అంటే రూల్ ప్రకారం వదిలినా, పలుచన చేయడానికి నదిలో దానికి కనీసం తొమ్మిది రెట్లు మంచినీళ్లు ఉండాలి. ఆగస్టులో ఉంటాయి. మే నెలలో ఎక్కడివి? 2010 ప్రాణహిత పుష్కరాలు డిసెంబరులో వచ్చాయి, 2022వి ఏప్రిల్‌లో. రెండుసార్లూ మునిగినవాళ్లను అడిగితే తేడా చెబుతారు.

ఇక మున్సిపాలిటీల మురుగు. దాని మీద ఎవరూ ధర్నా చేయరు, ఎందుకంటే అది మనదే. చంద్రపూర్‌లో మహాకాళి గుడి పక్కన పారే జర్పట్‌ను చూడండి. చైత్రంలో జాతరకు మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి జనం వస్తారు. ఆ వాగులో నీటికన్నా గుర్రపుడెక్కే ముందు కనిపిస్తుంది. మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. జర్పట్ ఎరయిలో, ఎరయి వార్ధాలో కలుస్తాయి. 2018లో దేశంలో కలుషితమైన నదీ భాగాలు 351 అని తేల్చారు. అందులో 53 మహారాష్ట్రవే, ఏ రాష్ట్రానికీ అన్ని లేవు. ఆ జాబితాకు ప్రధానంగా కారణం పట్టణాల మురుగే.

పొలాల సంగతి కొలవడం కష్టం, గొట్టం కనిపించదు కాబట్టి. 2002లో బీటీ పత్తి వచ్చాక కూడా మందుల డబ్బాలు పోలేదు. 2017లో యవత్మాల్‌లో మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయారు. ఆ మందే వానకు మట్టితో కలిసి పెన్‌గంగలోకి దిగుతుంది.

ఎండాకాలం ఇసుకలో చెలిమె తవ్వి, తేరిన నీళ్లు ముంచుకోవడం ఈ ఒడ్డున పాత అలవాటు. ఇసుక మడ్డిని ఆపుతుంది, వాసననూ కొంత ఆపుతుంది. కరిగిన లవణాలను, నైట్రేట్‌ను ఆపదు.

2019లో కింద గోదావరి మీద మేడిగడ్డ బరాజ్ మొదలయ్యాక సిరొంచ పక్క మునిగిన పొలాల మీద గొడవ నడిచింది, న్యాయంగానే. నిలిచిన నీటిలో ఏం పేరుకుంటుందన్న ప్రశ్న ఆ గొడవలో ఎక్కడా వినిపించలేదు. 2023 అక్టోబరులో పియర్లు కుంగి నీళ్లు వదిలేశాక ఆ ప్రశ్న పూర్తిగా మరుగున పడింది. ఏడాది సగటు చూపిస్తే ప్రాణహిత బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నెలవారీ లెక్క, అదీ వార్ధా, వైన్‌గంగ కలిసే చోట ఒకటి, సిరొంచలో ఒకటి పక్కపక్కన పెట్టి అడగాలి.