మౌనం మార్కులు పెంచుతుందా?

రోజులో రెండుసార్లు పని ఆపి, గడిచిన సమయాన్ని గంట గంటగా తలచుకోమని క్యాథలిక్ గురువుల సంఘమైన జెస్విట్లను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తన అనుచరులకు నేర్పారు. దేనికి దేవుడికి కృతజ్ఞత చెప్పాలి, ఎక్కడ తప్పు జరిగింది, ఇకపై ఏం మార్చుకోవాలి అని ఎవరికి వారే చూసుకోవాలి. 1548లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ పద్ధతి ఉంది. అదే ఏడాది సిసిలీలోని మెస్సీనాలో జెస్విట్ల కాలేజీ మొదలైంది. ‘ఎగ్జామెన్’ అనే ఈ ఆత్మపరిశీలన కోసం ఇప్పటికీ చాలా జెస్విట్ స్కూళ్లలో చదువు మధ్యలో కొన్ని నిమిషాలు కేటాయిస్తారు.

అది ప్రార్థన. మార్కుల కోసం పుట్టింది కాదు. అయినా ఆ కొన్ని నిమిషాల్లో మెదడులో జరిగేది చదువుకు పనికొస్తుందా అని అడగడంలో తప్పులేదు.

కొత్తగా విన్న విషయం జ్ఞాపకంలో స్థిరపడటానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపే వేరే సమాచారం వచ్చి పడితే పాతది చెదిరిపోవచ్చు. 2012లో పరిశోధకురాలు మిషేలా డ్యూయర్ బృందం వయసు మళ్లినవారికి చిన్న కథలు వినిపించింది. ఒక కథ తర్వాత పది నిమిషాలు ఊరికే కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ఇంకో కథ తర్వాత బొమ్మల్లో తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చారు. విశ్రాంతికి ముందు విన్న కథే ఎక్కువగా గుర్తుంది, అదీ వారం తర్వాత కూడా. పీరియడ్ అయిన వెంటనే ఇంకో పీరియడ్, ఆ వెంటనే టెస్ట్ పెట్టే టైమ్‌టేబుల్‌ను ఈ ప్రయోగంతో పోల్చి చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లలకు ఇచ్చింది నిలవడానికి మనమే సమయం ఇవ్వడం లేదు.

వెనక్కి తిరిగి చూసుకోవడం వల్ల కలిగే మేలు వేరు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్న విద్యార్థులకు వారం తర్వాత ఎక్కువ గుర్తున్నట్టు 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చూపించారు. పొద్దున ఏం నేర్చుకున్నానో కళ్లు మూసుకుని తలచుకునే పిల్లవాడు చేసేది ఇంచుమించు ఈ పనే.

పరీక్ష టెన్షన్ సంగతీ ఉంది. భయం మనసులో తిరుగుతుంటే లెక్క చేయడానికి కావలసిన తాత్కాలిక జ్ఞాపకశక్తిలో కొంత దానికే ఖర్చవుతుంది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా ఎక్కువగా కంగారుపడేవాళ్లు, మెరుగ్గా రాశారని రామిరెజ్, బైలాక్ 2011లో ప్రకటించారు.

ఇంతమాత్రాన మౌనాన్ని మందుగా అమ్మకూడదు. బ్రిటన్‌లో 8 వేలకు పైగా విద్యార్థులతో జరిగిన మైండ్‌ఫుల్‌నెస్ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పాఠాల కన్నా, ఈ క్షణంపైనే ధ్యాస నిలపడం నేర్పే ఆ శిక్షణ పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేయలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చేయలేదు. క్యాథలిక్ స్కూళ్ల పిల్లలు బాగా చదివితే ఆ ఘనతంతా మౌనానిదే అనుకోవడమూ పొరపాటే. ఆ స్కూల్‌ను ఎంచుకున్న కుటుంబం, క్రమశిక్షణ, టీచర్లు అన్నీ కలిసే పనిచేస్తాయి. అమెరికాలో ఆర్థికవేత్త ఆల్టోంజీ బృందం 2005లో ఈ చిక్కును విడదీసి చూసింది. క్యాథలిక్ హైస్కూళ్లలో చదివినవాళ్లు చదువు పూర్తిచేసే అవకాశం బాగా పెరిగినట్టు కనిపించింది కానీ, టెస్ట్ స్కోర్లలో ప్రభావానికి గట్టి ఆధారం దొరకలేదు.

చదువు మధ్యలో మానేయకపోవడం చిన్న విషయమా? నా దృష్టిలో మార్కుల కన్నా అదే పెద్దది. తన రోజును తానే పరిశీలించుకునే అలవాటుకు ఇందులో ఎంత వాటా ఉందో ఏ పరీక్షా కొలవలేదు గానీ, ఆ అలవాటు అబ్బాలంటే ఏం కావాలో ఊహించవచ్చు. అది రోజూ ఒకే వేళకు జరగాలి, ఆ కాసేపూ టీచర్ కాపలా కాయకుండా, పేపర్లు దిద్దకుండా పిల్లలతో పాటే కూర్చోవాలి. ఎవరు ఎలా కూర్చున్నారని మార్కులు వేయకూడదు. పాఠం చివర్లో ఐదు నిమిషాలు మిగిల్చి, ఏది అర్థమైంది, ఎక్కడ ఆగిపోయాను అని పిల్లలు తమ నోట్‌బుక్‌లో రాసుకోనివ్వడానికి ఏ స్కూల్‌కూ పెద్ద ఖర్చు కాదు, ఏ మతమూ అడ్డురాదు.