కిలోమీటరు తిరగబడ్డాక

జూన్‌లో బడులు తెరిచారంటే తిరుపతిలో, చిత్తూరులో ఒక పంచాయితీ మళ్లీ మొదటికొస్తుంది. రెండో తరగతి అయిపోయిన బిడ్డను ఎక్కడికి పంపాలి? వీధి చివర బడి అలాగే ఉంటుంది. గేటు తీసే ఉంటుంది, లోపల ఒకటి, రెండు తరగతుల పిల్లకాయలు ఉంటారు, పక్క గదిలో అంగన్‌వాడీ ఉంటుంది. మూడో తరగతి మాత్రం ఉండదు. ప్రభుత్వం దాన్ని వేరే బడికి తరలించింది, అది రోడ్డు దాటి ఇంకెక్కడో ఉంటుంది.

దీని గురించి రాసేవాళ్లు ఎక్కువగా 2020 జాతీయ విద్యా విధానం దగ్గర మొదలుపెట్టి, ప్రభుత్వం బడులను ఆరు రకాలు చేసింది, తొమ్మిది రకాలు చేసింది అంటూ పట్టిక వేస్తారు. అదంతా పేపర్లలో ఎన్నోసార్లు వచ్చిందే. నన్నడిగితే అసలు మలుపు ఒక కొలతలో ఉంది. ఆ కొలత ఒక కిలోమీటరు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని నియమాల ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల బిడ్డకు కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది చదివే బిడ్డకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. అంటే ఇల్లు ముందు, బడి తర్వాత. దగ్గర్లో బడి లేకపోతే ప్రభుత్వమే పెట్టాలి.

2022 జూన్ 10న బడుల తరగతులను మార్చి సర్దడానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 117 జీవోలోనూ అదే కిలోమీటరు కనిపిస్తుంది. కాకపోతే కొలిచే చోటు మారింది. హైస్కూలుకు కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉంటే, అందులోని 3, 4, 5 తరగతులను ఆ హైస్కూలుకు తరలించవచ్చని రాశారు. ఈసారి కొలత హైస్కూలు గేటు దగ్గర మొదలై ప్రాథమిక బడి గేటు దగ్గర ఆగిపోతుంది. బడికి అవతల అర కిలోమీటరు దూరంలో ఉన్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు. అంతకుముందు ఏడాది 250 మీటర్ల లోపు బడులతో మొదలుపెట్టినప్పుడు పెద్దగా గొడవ కాలేదు. పక్క గేటే కదా అనుకున్నారు. కిలోమీటరు అనేసరికి 2022 జులైలో రాష్ట్రమంతా తల్లిదండ్రులు రోడ్డెక్కారు, కొన్నిచోట్ల బడులకు తాళాలు వేశారు.

అధికారుల వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకరిద్దరు టీచర్లు అయిదు తరగతులకు 18 సబ్జెక్టులు చెప్పే పద్ధతి పోవాలి, మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు రావాలి. హైస్కూల్లో ల్యాబు, ఆటస్థలం ఉంటాయి, అవి చిన్నపిల్లలకూ అందాలి. ఇందులో నిజం లేకపోలేదు. అయిదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పిన అయివారిని ఎవరినైనా అడగండి, ముందు ఈ మాటే చెబుతారు.

తల్లుల లెక్క వేరే. తిరుపతిలో ఒక కిలోమీటరు ఎలా ఉంటుందో కాగితం మీద కనిపించదు. కొండ కింది జీవకోన లాంటి చోట్ల వీధులు ఎత్తుపల్లాలుగా, ఇరుకుగా ఉంటాయి. కొర్లగుంట వైపైనా, రాయలచెరువు రోడ్డు వైపైనా మెయిన్ రోడ్డు మీదికి వచ్చారంటే బస్సులు, యాత్రికుల జీపులు, ఆటోలు. శనాదివారాల్లోనూ సెలవుల్లోనూ ఊరివాళ్లకే రోడ్డు దాటడం కష్టం. రైలు పట్టాలు, హైవేలు, వాగులు అడ్డం ఉన్నచోట తరలింపు వద్దని తర్వాత మినహాయింపు ఇచ్చారు. కానీ నాలుగు వైపుల నుంచీ వాహనాలు వచ్చిపడే కూడలి ఆ అడ్డంకుల జాబితాలోకి రాదు.

పని వేళల సంగతి ఇంకొకటి. కొండ మీద షాపుల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లు తెల్లారకముందే బస్సెక్కాలి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు జూన్, జులైలోనే సీజను. తోతాపురి కాయ దిగే ఆ రెండు నెలల కూలి మీద ఎన్నో ఇళ్లలో ఏడాది గడుస్తుంది. బడులు తెరిచేదీ సరిగ్గా అప్పుడే. 117 జీవో వచ్చేదాకా ఇంటింటా సాగిన ఏర్పాటు ఒకటుండేది. నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది, మధ్యాహ్నం పక్కన కూర్చుని తినిపించేది, సాయంత్రం ఇంటికి తెచ్చేది. అమ్మ పనికి పోగలిగింది ఆ అక్క ఉండబట్టే. మూడో తరగతి దగ్గర బడిని రెండుగా కోసేసరికి అక్క ఒక దిక్కు, తమ్ముడు ఒక దిక్కు. రెండు బడులూ వదిలే వేళ కూడా ఒకటి కాదు. సబ్జెక్టు టీచర్ల గురించి కట్టలకొద్దీ కాగితాలు రాసినవాళ్లకు ఈ అక్క కనిపించలేదు.

తర్వాత జరిగింది ఊహించలేనిదేమీ కాదు. పెద్దదాన్ని ఎలాగూ దూరం పంపాలి కాబట్టి, చిన్నవాణ్ణీ కలిపి ఇంటి ముందుకొచ్చే ప్రైవేటు వ్యాను ఎక్కించారు. అలా ఒకటి, రెండు తరగతులూ పలచబడ్డాయి. సంఖ్య తగ్గితే ఒక్క టీచరే మిగులుతారు, ఒక్క టీచరే ఉన్నారని ఇంకో ఇద్దరు మానేస్తారు. 2022-23లోనే రాష్ట్రం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో మొదటి ప్రాధాన్యం ఎవరికంటే, బడికి కిలోమీటరు లోపు ఉండేవాళ్లకు. ప్రైవేటు గేటు దగ్గర కిలోమీటరు ఇంకా హక్కుగానే ఉందన్నమాట!

తల్లుల ఖాతాల్లో డబ్బు వేసే పథకం మొదలైంది చిత్తూరులోనే, 2020 జనవరి 9న. అమ్మ ఒడి కింద 15 వేలు. 2025 జూన్‌లో అది తల్లికి వందనంగా మారి, చదివే ప్రతి బిడ్డకూ వర్తించింది. అందులో 13 వేలు ఖాతాలోకి, 2 వేలు బడుల నిర్వహణకు. రెండు ప్రభుత్వాలూ ప్రైవేటు బడి బిడ్డలకూ ఇచ్చాయి, ఇస్తున్నాయి. డబ్బు ఎవరికి చేదు? కానీ వీధిబడిలో మూడో తరగతి లేనప్పుడు ఆ డబ్బు చాలావరకు ఆటోకో వ్యానుకో పోతుంది.

తిరుపతివాళ్ల కోపానికి ఇంకో కారణం ఉంది, బయటివాళ్లకు అంతగా తెలియదు. తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది. ఆ హోదాలో తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే కార్పొరేషన్ అయిన 14 ఏళ్లకు గానీ జనానికి అడగడానికి ఒక కార్పొరేటర్ దొరకలేదు. దొరికాక ఏడాది పైన మూడు నెలలకే, 2022 జూన్‌లో, పురపాలక బడుల పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. స్థలాలు, భవనాలు కార్పొరేషన్‌వి, టీచర్లు, తరగతులు విద్యాశాఖవి. కుళాయి చెడితే ఒక ఆఫీసు, మూడో తరగతి ఏదని అడగాలంటే ఇంకో ఆఫీసు.

117 జీవో రద్దు చేస్తామని ఎన్నికల ముందు చెప్పిన పార్టీలు గెలిచాయి, 2025 వేసవిలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. చాలాచోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్ల నుంచి వెనక్కి వచ్చాయి. ఇది మేలే, కాదనలేం. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్నారు, అయిదో తరగతి దాకా ఒకే కప్పు కింద. అయితే అవి ప్రతి వీధిలోనూ లేవు. చుట్టుపక్కల బడుల నుంచి పెద్ద తరగతులను తెచ్చి ఒకచోట నింపితేనే మోడల్ బడి నిండుతుంది, మిగతావి మళ్లీ ఒకటి, రెండు తరగతుల బడులుగానే ఉంటాయి. తమ వీధిబడే మోడల్ అయినవాళ్లకు తగువు లేదు. గొడవ పక్క వీధివాళ్లది. తల్లిదండ్రుల కమిటీల మాట వింటామని ఈసారి చెప్పారు. ఏ కమిటీ మాట అన్నది తేలలేదు. మోడల్ బడి వచ్చినచోటి కమిటీ ఎందుకు వద్దంటుంది? తరగతులు పోయిన బడి కమిటీ సంతకమే కదా కావాల్సింది.

నగరి, సత్యవేడు వైపు దీనికి తోడు తమిళ మీడియం బడుల సమస్య ఉంది. పక్క బడి ఎంత దగ్గరున్నా అందులో తమిళం లేకపోతే ఆ బిడ్డకు అది బడి కింద లెక్క కాదు. దీన్ని విడిగా రాయాలి.

పాత పేటల్లో ఇంకొకటి గమనించాను. పార్కులంటూ తిరుపతిలో చూపించేవి ప్రకాశం పార్కు, వినాయకసాగర్. ఇరుకు వీధుల్లో పిల్లలకు మిగిలిన ఖాళీ జాగా బడి ఆవరణ ఒక్కటే. అయిదు తరగతులు నడిచినప్పుడు సాయంత్రం అయిదున్నర దాకా గేటు తీసి ఉండేది, ఎవరో ఒక అయివారు ఉండేవారు. ఇప్పుడు ఉన్న ఒక్క టీచరు బడి వదలగానే తాళం వేసుకుని వెళ్తారు, వెళ్లక ఏం చేస్తారు? మా వీధి పిల్లకాయలు గోడ దూకి క్రికెట్ ఆడుతున్నారు. గోడ మీద గాజుపెంకులు పెట్టాలా వద్దా అని వార్డులో ఇప్పుడు ఇంకో తగువు నడుస్తోంది.