మేదరికి నచ్చిన బొంగు ఎందుకు దొరకడం లేదు?

బుట్టకు ఏ వెదురు పనికొస్తుందో మేదరి పొద దగ్గరే తేల్చుకుంటాడు. ఈ వానలకు మొలిచిన లేత బొంగు జోలికి పోడు. దానిలో నీరెక్కువ, ఎండితే ముడుచుకుపోతుంది, పురుగు పడుతుంది. బాగా ముదిరింది కూడా వద్దు, వంచబోతే విరుగుతుంది. ఏడాది దాటి, ఇంకా పచ్చిగా, కణుపుల మధ్య దూరం ఎక్కువున్న నిటారు బొంగు కావాలి. పచ్చిగా ఉండగానే చీలుస్తారు. పైపొర బద్దలు గట్టివి, బరువు మోసే గంపలకు అవే. అంటే ఒకే పొదలో ఒకటి కొట్టి, పక్కది వదిలేసే వీలుండాలి. మేదరుల కష్టాలకు మూలం ఆ వీలు చేజారడమే అని నా అభిప్రాయం.

1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. నిజానికి అది గడ్డి జాతి. చెట్టు అన్నాక కొట్టాలన్నా, తరలించాలన్నా పర్మిట్ కావాల్సిందే. ఆ తర్వాత పేపర్ మిల్లులు వచ్చాయి. మన దగ్గర సిర్పూర్ కాగజ్‌నగర్, రాజమండ్రి మిల్లులు వెదురుతోనే పెరిగాయి. గుజ్జు చేసేవాడికి కణుపుతో పనిలేదు, టన్నులు కావాలి.

కర్ణాటకలో జరిగింది తెలుసుకోవాలి. 1958లో దాండేలి పేపర్ మిల్లుకు టన్ను వెదురు రూపాయిన్నరకే ఇచ్చారు. అడవి ఖాళీ అవుతోందని బుట్టలల్లేవాళ్లు మొత్తుకుంటే, 1970లలో ఆ సంగతి చూసే పని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్‌కు అప్పగించారు. పశువులు మేయడం వల్లే వెదురు పోతోందని అధికారుల వాదన. ఆయన పొదల దగ్గరికెళ్లి చూస్తే, పొద బాగా పెరుగుతుందని అటవీశాఖే మొదళ్లలోని ముళ్లకంప నరికించేస్తోంది. ఆ కంపే కొత్త పిలకలకు కంచె. అది పోయాక పశువులు, ఏదుపందులు, కోతులు పిలకలను తినేశాయి. ఆ కంప తీయకూడదని ఊరివాళ్లకు ముందే తెలుసు. వాళ్లను అడిగినవాళ్లే లేరు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో, అంటే అడవిలో ఉండేవాళ్లు సేకరించి అమ్ముకోగల వాటిలో చేర్చింది. 2011లో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా గ్రామసభ తన వెదురు తానే అమ్ముకునే హక్కు సాధించింది. 1927 చట్టానికి 2017లో చేసిన సవరణతో అడవి బయట పెరిగే వెదురు చట్టం లెక్కలో చెట్టు కాకుండా పోయింది. ఈ చట్టం, ఆ సవరణ రెండూ మంచి మార్పులే. కానీ మొదటిది అడవిలో ఉండేవాళ్లది. గిరిజనులు కానివాళ్లయితే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. రెండోది పొలం ఉన్న రైతుది. మన మేదరుల్లో ఎక్కువమంది ఊళ్లలో, పట్నం అంచుల్లో ఉండే బీసీలు. అడవీ వాళ్లది కాదు, పొలమూ లేదు.

కందికట్టె, వావిలి బరిగెలతో మొరటు గంపలు అల్లుకోవచ్చు. చాటకు, జల్లెడకు మాత్రం వెదురే కావాలి. కొనితెచ్చిన మోపులో లేతదీ ముదురుదీ కలిసే వస్తాయి. పనికిరాని బొంగుకూ డబ్బు కట్టేది అల్లేవాళ్లే.