బొక్క రాయి కాదు: ఎముకల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఎముకల డాక్టరుగా పని చేస్తున్నాను. మొన్న ఒక తండ్రి తన పదేళ్ల కొడుకు మణికట్టు ఎక్స్‌రే పట్టుకొని కంగారుగా వచ్చాడు. "సారూ, గిదో గీత కనవడ్తుంది, బొక్క ఇరిగినట్టే కదా?" అన్నాడు.

విరగలేదు. ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తని మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. గ్రోత్ ప్లేట్ అంటాం. అందులో సున్నం (కాల్షియం) తక్కువ కాబట్టి ఎక్స్‌రేలో నల్ల గీతలా పడుతుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఒక పక్క కొత్త కణాలు పుడుతుంటే, ఇంకో పక్క పాతవి పోయిన చోట ఎముక ఏర్పడుతూ ఉంటుంది. ఆడపిల్లల్లో సుమారు 14-16 ఏళ్లకు, మగపిల్లల్లో 16-18 ఏళ్లకు ఈ పొర మూసుకుపోతుంది.

అపోహ: కడ్డీకి వేలాడితే, పొడులు తాగితే ఇరవై దాటాక కూడా ఎత్తు పెరుగుతారు.
పెరగరు. గ్రోత్ ప్లేట్ మూసుకున్నాక ఏ పొడీ దాన్ని తెరవలేదు. ఆ డబ్బుతో ఇంట్లో ఎదిగే పిల్లలకు పాలు, రాగి జావ పోయండి.

అపోహ: ఎక్స్‌రేలో ఎముక ఎంత తెల్లగా ఉంటే అంత బలం.
మన జిల్లాలో ఇది నమ్మితే ప్రమాదం. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే పీచు. గోడ కట్టే మట్టిలో గడ్డి కలుపుతారు చూడండి, అలా. కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే ఖనిజం కరిగి రబ్బరులా వంగుతుంది. నిప్పుల్లో బాగా కాలిస్తే పీచు పోయి చేతిలో పొడి అవుతుంది. రెండూ సరిగ్గా కుదిరితేనే బలం.

మర్రిగూడ, మునుగోడు వైపు గ్రానైట్ నేలల్లో బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పడుతుంది. అది ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఎముక ఖనిజంలోనే చేరుతుంది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసు. కీళ్ల దగ్గర ఎముకలను కలిపి ఉంచే పట్టీలకు (లిగమెంట్లకు) కూడా సున్నం పట్టి వెన్ను బిగుసుకుపోతుంది. కాల్షియం చాలని పిల్లలకు మోకాళ్లు వంకరపోతాయి. పెద్దవాళ్లలో బిగిసిన వెన్నును మాత్రలతో వెనక్కి తేలేం. అందుకే పసిపిల్లలు, గర్భిణులు తాగే నీళ్ల గురించి అంతగా పట్టుబడతాను.

అపోహ: నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుంది.
క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి మన ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉన్నా, ఆ నీళ్లు చప్పగా ఉన్నాయని మళ్లీ బోరుకే పోయేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

అపోహ: కట్టు ఎంత గట్టిగా బిగిస్తే ఎముక అంత తొందరగా అతుకుతుంది.
ఎముక బతికున్న కణజాలం. దానికి రక్తం కావాలి. విరిగిన చోట ముందు రక్తం గడ్డ కడుతుంది, దాని మీద మెత్తని అతుకు, తర్వాత గట్టి అతుకు వస్తాయి. మోచేయి దగ్గర విరిగిన పిల్లలకు బిగుతుగా పసరు కట్టు వేయించి, వేళ్లు నల్లబడ్డాక తెచ్చినవాళ్లను చూశాను. ఆ దశలో చెయ్యి నిలబెట్టడం చాలా కష్టం. కట్టు వేశాక నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే పిల్లాడు గిలగిల్లాడినా కట్టు వెంటనే వదులు చేయించండి. తెల్లారేదాకా ఆగొద్దు.

అతికిన చోట తేలే గడ్డ చూసి కూడా టెన్షన్ పడతారు, నూనె రాసి రుద్దుతారు. రుద్దకండి. ఎముకను తవ్వే కణాలు, కట్టే కణాలు కలిసి దాన్ని చెక్కుతూ ఉంటాయి. చిన్నపిల్లల్లో ఏడాది, రెండేళ్లలో చాలావరకు సర్దుకుంటుంది.